సీలు లేని గుర్రాలు

పాఠక మహాశయుల సముఖానికి, గుంటూరు జిల్లాలో తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరై, ప్రస్తుతం అమెరికాలో డాలస్ నగర శివారున కూతురింట మకాం ఉంటున్న ఒక గృహస్థు విన్నవించుకునేది ఏమనగా: మా అల్లుడుగారి కారుకు గుర్రాలు పెరిగాయట. ఎన్ని పెరిగాయో ఈ ఇంట్లో తేల్చి చెప్పే నాథుడు లేడు.

అది రెండు సీట్ల జపాన్ కారు. పేరు చెప్పను. ఇంట్లో మనుషులం ఐదుగురం కాబట్టి ఆ కారులో గుడికి వెళ్ళడానికి లేదు, కూరగాయలకు వెళ్ళడానికి లేదు, వియ్యాలవారు వస్తే ఎయిర్‌పోర్టుకు వెళ్ళడానికి అసలే లేదు. అయినా గరాజ్‌లో నీడపట్టున ఉండేది అదే. అందరినీ మోసే వ్యాన్ మాత్రం బయట టెక్సస్ వడగళ్ళకు నెత్తి ఒగ్గి నిలబడుతుంది. దాని టాపు మీద సొట్టలు చూసి మా ఆవిడ నిట్టూరుస్తుంది. వెంటనే నా వైపు తిరిగి, "అల్లుడుగారి కారు జోలికి వెళ్ళకండి" అంటుంది. నేను కారు జోలికి వెళ్ళడం లేదు. కొలత జోలికి వెళుతున్నాను. సర్వీసంతా చేసింది అదే పని, ఈ వయసులో మానమంటే కుదరదు.

గరాజ్‌కు వచ్చిన అట్టపెట్టెలన్నీ నేనే సంతకం పెట్టి తీసుకున్నాను కనుక సాక్ష్యం నా దగ్గరుంది. గాలి పీల్చే గొట్టం పెట్టె మీద 12 గుర్రాలు అని రాసి ఉంది. ఇంజను నుంచి పొగ బయటికి వచ్చేచోట బిగించే హెడర్ మీద 10. వెనకాల సైలెన్సరు, అంటే నిశ్శబ్దాన్ని సమూలంగా తీసేసే ఆ స్టీలు డబ్బా మీద 8. కారు కంప్యూటర్‌లో పాత లెక్కలు తుడిచి కొత్తవి ఎక్కించే ట్యూన్‌కు 15. మొత్తం 45. కంపెనీ పుస్తకంలో ఈ కారుది 143 గుర్రాల బలం. పెట్టెల లెక్కన ఇప్పుడు 188 ఉండాలి.

ఉండవట. "అలా కూడకూడదు మామయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. గాలి లోపలికి పోయే దారి వెడల్పు చేసినా బయటికి పోయే దారి ఇరుకుగా ఉంటే లాభం అక్కడే ఆగిపోతుందనీ, ఒక్కొక్క సామానూ ఒకే అడ్డంకిలో కొంత కొంత తీస్తుంది తప్ప ఎవరి వాటా వారు విడిగా తేరనీ చాలా ఓపికగా వివరించారు. ఒప్పుకున్నాను. పైగా ఆ పెట్టె మీది అంకె ఇంజను అత్యధిక బలం దగ్గర వచ్చే లాభం కాకపోవచ్చునట. ఇంజను నిమిషానికి 6,800 చక్కర్ల దగ్గరో 3,100 దగ్గరో, బలం చూపే పాత గీతకూ కొత్త గీతకూ మధ్య ఎక్కడ సందు ఎక్కువుంటే అక్కడ పట్టుకుని ఆ అంకె అచ్చు వేస్తారట. దీనికి కూడా తల ఊపాను. అయితే కొనేటప్పుడు మాత్రం కూడి కొన్నారు. క్రెడిట్ కార్డు బిల్లు కూడికలోనే వచ్చింది.

కారు బలం తూచే యంత్రాన్ని ఇక్కడ డైనో అంటారు. చూసివద్దాం రమ్మంటే వెళ్ళాను. నేలలో బరువైన ఉక్కు డ్రమ్ములు. వాటి మీద వెనక చక్రాలు ఎక్కించి, కారు దూకకుండా పట్టీలతో బిగించి, ముందు పెద్ద ఫ్యాను పెట్టి, నాలుగో గేరులో పూర్తిగా తొక్కుతారు. కారు ఎక్కడికీ కదలదు. ఉన్నచోటనే నిలబడి అరుస్తుంది. డ్రమ్ము బరువు ముందే తెలుసు కాబట్టి అది ఎంత త్వరగా వేగం పుంజుకుంటే అంత బలమని కంప్యూటర్ లెక్క కడుతుంది. ఇది జడత్వం మీద నడిచే రకం. ఇంకో రకంలో విద్యుత్ బ్రేకుతో డ్రమ్మును ఎదురు పట్టి తూస్తారు. అందులో అంకె సాధారణంగా తక్కువ పడుతుంది. అందుకని కుర్రాళ్ళు దానికి గుండెలు పగలగొట్టే యంత్రమని పేరు పెట్టుకున్నారు. ఒకే కారుకు రెండు షాపుల్లో పది శాతం తేడా వచ్చినా ఎవరూ పోలీసులను పిలవరు.

మాకు పెట్రోలు బంకులో ఐదు లీటర్ల కొలపాత్రకు 25 మిల్లీలీటర్లు దాటి తగ్గితే పంపు మూసి సీలు వేసే అధికారం ఉండేది. అంటే అర శాతం. ఆ డైనోకు సీలు ఎక్కడుందని అడిగాను. ప్రభుత్వం వారు ఏటా వచ్చి ముద్ర వేస్తారా అని అడిగాను. షాపు కుర్రవాడు నన్ను చూసి, తరవాత అల్లుడుగారిని చూసి, కాఫీ తాగుతారా అన్నాడు. టెక్సస్ రాష్ట్రం 2025 నుంచి మామూలు కార్లకు ఏటా చేసే భద్రతా తనిఖీ కూడా తీసేసింది. మా చుట్టుపక్కల జిల్లాల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. పొగకు లెక్క ఉంది, గుర్రాలకు లేదు.

అసలు ఆ గుర్రం పుట్టుకలోనే కాస్త చేతివాటం ఉంది. 18వ శతాబ్దం చివర జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలు అమ్ముకోవాలంటే, గుర్రాలతో మిల్లు తిప్పించే ఆసాములకు ఈ యంత్రం ఎన్ని గుర్రాల పెట్టో చెప్పాల్సి వచ్చింది. చెప్పుకునే లెక్క ఏమిటంటే, గుర్రం 12 అడుగుల వ్యాసార్ధంలో గంటకు 144 చుట్లు తిరుగుతూ 180 పౌన్ల బలంతో లాగుతుంది. గుణిస్తే నిమిషానికి 32,572 అడుగు-పౌన్లు. వాట్ గారు దాన్ని 33,000 చేసి పెట్టారు. ఆ మిగతా 428 ఏ గుర్రం మోసిందో ఎవరూ అడగలేదు. తరవాత యూరప్‌వారు మెట్రిక్ గుర్రం ఒకటి తయారు చేశారు. అది 75 కిలోలను సెకనుకు మీటరు ఎత్తితే చాలు, అంటే 735.5 వాట్లు. ఇంగ్లీషు గుర్రం 745.7 వాట్లు. జర్మనీ కరపత్రంలో 300 ఉన్న కారు అట్లాంటిక్ దాటేసరికి 296 అవుతుంది. దారిలో నాలుగు గుర్రాలు సముద్రంలో పడ్డాయని అనుకోవాలి. వాట్ గారి పేరు మీదనే వాట్ అనే శుభ్రమైన కొలత ఒకటి ఉండగా ఈ పశువుల బేరం ఇంకా ఎందుకో నాకు అర్థం కాదు.

పెద్ద కంపెనీలేమీ తీసిపోలేదు. 1971 వరకూ అమెరికాలో ఇంజన్‌ను బల్ల మీద ఒంటిగా నిలబెట్టి, గాలి ఫిల్టరూ సైలెన్సరూ లేకుండా తూచిన అంకెనే ప్రకటించేవారు. 1972 మోడళ్ళ నుంచి కారులో ఉన్నట్టుగా అన్నీ బిగించి తూచడం మొదలుపెట్టేసరికి కరపత్రాల్లో గుర్రాలు మందలు మందలుగా మాయమయ్యాయి. 1999లో ఫోర్డ్ వారు మస్టాంగ్ కోబ్రాకు 320 అన్నారు. కొన్నవాళ్ళు డైనో ఎక్కించి చూస్తే అంత లేదు. కంపెనీ అమ్మకాలు ఆపి, అమ్మినవి వెనక్కి పిలిపించి, గాలి గొట్టాల దగ్గర్నుంచి పొగ గొట్టాల దాకా మార్చి ఇచ్చింది. 2000లో మామూలు కోబ్రా మోడలే రాలేదు. 2001లో మాజ్డా వారు మియాటాకు 155 అని చెప్పి, తరవాత 142 అని దిద్దుకుని, ఇష్టం లేనివారి కార్లు తిరిగి కొంటామనీ, ఉంచుకునేవారికి 500 డాలర్లూ ఉచిత సర్వీసూ ఇస్తామనీ అన్నారు. చదివి ముచ్చటపడ్డాను. దొంగ తూకం పట్టుబడితే జరగవలసింది అదే. కొన్నవాడు తిరిగి తూచాడు, అమ్మినవాడు సొమ్ము కట్టాడు.

2005లో ఇక్కడి ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ ఒక ఏర్పాటు చేసింది. ఇంజను బలం తూచేటప్పుడు బయటి సాక్షి ఒకరు దగ్గర నిలబడి చూడాలి. అప్పుడే ధ్రువీకరించిన అంకె అంటారు. మొట్టమొదట ఆ ముద్ర వేయించుకున్నది కార్వెట్ జెడ్06 ఇంజను, 505 గుర్రాలు. ఆ రోజుల్లోనే కొత్త లెక్కన కట్టి చూస్తే టొయోటా క్యామ్రీ ఆరు సిలిండర్ల ఇంజను 210 నుంచి 190కి దిగింది. ఇంజనులో ఒక్క మర మారలేదు. కొలిచే నిబంధనలు బిగించారంతే. మా శాఖ మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

ఇప్పుడు అసలు కేసుకు వస్తాను. అల్లుడుగారి దగ్గర రెండు కాగితాలున్నాయి. సామాను బిగించక ముందుది ఒకటి, చక్రాల దగ్గర 121. బిగించాక ఒకటి, 130. తొమ్మిది గుర్రాలు. నలభై ఐదుకు తొమ్మిది, సరే, ఐదో వంతు. అక్కడితో ఊరుకుని ఉంటే నేనూ ఊరుకునేవాణ్ణి. కానీ భోజనాల దగ్గర అల్లుడుగారు స్నేహితులతో ఫోనులో చెబుతున్నది పదిన్నర.

ఆ ఒకటిన్నర ఎక్కడిదని అడిగాను. ఇంజను దగ్గర పుట్టిన బలం గేర్‌బాక్సులోనూ ఇరుసులోనూ అరిగి చక్రానికి వచ్చేసరికి పదిహేను శాతం పోతుందని ఒక వాడుక లెక్క. కాబట్టి చక్రం దగ్గరి అంకెను 0.85తో భాగించి ఇంజను అంకె చెప్పుకుంటారు. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారులు బస్తాకు ఇంతని తరుగు తీసేవారు, అది రైతు గుండెలో గునపం. ఇక్కడ అల్లుడుగారు అదే తరుగును తిరగేసి తన ఖాతాలో జమ వేసుకుంటున్నారు. పైగా చూడండి, ముందు ఆ తరుగు ఇరవై ఒకటి చిల్లర, ఇప్పుడు ఇరవై మూడు. అదే గేర్‌బాక్సు, ఒక్క పన్ను మారలేదు, కానీ ఒకటిన్నర గుర్రం అదనంగా మింగుతోంది! శాతాల లెక్కలో ఈ సౌకర్యం ఉంది. ఎంత సామాను కొంటే తరుగు అంత పెరుగుతుంది, అదంతా గొప్పల్లో కలుస్తుంది.

కాగితాలు రెండూ అడిగి తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను. మొదట గీతలు చూశాను. అమెరికా కొలతల్లో గుర్రాల గీత, మెలితిప్పు బలం గీత రెండూ ఒకే స్కేలు మీద గీస్తే సరిగ్గా నిమిషానికి 5,252 చక్కర్ల దగ్గర కలుసుకుని తీరాలి. వాట్ గారి 33,000ను రెండు పైలతో భాగిస్తే వచ్చే అంకె అది. కలవకపోతే కాగితం తప్పు. కలిశాయి. ఈ వ్యాపారమంతటిలో నాకు దొరికిన ఒకే ఒక్క సీలు ఇదే కాబట్టి కాసేపు సంతోషించాను.

తరవాత కాగితం మూల చూశాను. మొదటిదాని మీద ఎస్ఏఈ అని ఉంది. రెండోదాని మీద ఎస్‌టీడీ అని ఉంది.

పాఠకులు దీన్ని తేలికగా తీసుకోవద్దని మనవి. ఎండ కాస్తే గాలి పల్చబడుతుంది, పది డిగ్రీలకు సాంద్రత మూడు శాతం పైన పడిపోతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది. అందుకని ఆ రోజు వాతావరణంలో వచ్చిన అంకెను ఒక ఆదర్శ దినానికి సవరించి చెబుతారు. ఎస్ఏఈ జే1349 ప్రకారం ఆ ఆదర్శ దినం 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్‌ల పొడిగాలి. పాత ఎస్‌టీడీ లెక్కలో 15.5 డిగ్రీలు, 29.92 అంగుళాల పాదరసం. ఈ రెండో ఆదర్శ దినం చల్లగా, గాలి దట్టంగా ఉంటుంది గనుక అదే కారుకు సుమారు నాలుగు శాతం ఎక్కువ పడుతుంది. డాలస్ ఆగస్టులో 15.5 డిగ్రీలు మా అమ్మాయి ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా దొరకదు. అయినా కాగితం మీద అచ్చయింది.

షాపువాళ్ళ దగ్గర ఆ పరుగుల ఫైళ్ళు భద్రంగా ఉంటాయి. రెండోదాన్ని ఎస్ఏఈ లెక్కలో మళ్ళీ అచ్చు వేయించమన్నాను. 125 వచ్చింది. అంటే తొమ్మిదిలో ఐదు గుర్రాలు కంప్యూటర్ మౌస్ నొక్కితే పుట్టినవి. నొక్కడానికి డబ్బు తీసుకోలేదు. సైలెన్సరుకు తీసుకున్న డబ్బుతో మా అమ్మాయి డిష్‌వాషర్ కొనుక్కుందామనుకుంది.

మిగిలింది నాలుగు. వాటికీ పత్రాలు సరిగా లేవు. రెండు కాగితాల మధ్యకాలంలో చక్రాలు కూడా మార్చారు. పాతవాటికన్నా తేలికవి, చూడ్డానికి బావుంటాయని. జడత్వం మీద నడిచే డైనోకు చక్రం బరువు ప్రత్యేకంగా తెలియదు. తేలిక చక్రమైతే డ్రమ్ముతో కలిసి త్వరగా వేగం అందుకుంటుంది, యంత్రం దాన్ని ఇంజను బలమే అనుకుంటుంది. టైర్లలో గాలి ఎక్కువ పెట్టినా అంతే, పట్టీలు వదులుగా కట్టినా అంతే. మొదటిసారి ఇంజను వేడెక్కి ఉందా, రెండోసారి చల్లారి ఉందా, ఫ్యాను ఎక్కడ పెట్టారు, గీతలోని వణుకును సర్దే సున్నితం మీట సున్నా మీద ఉందా ఐదు మీద ఉందా, ఇవేవీ ఎవరూ రాసి ఉంచలేదు. మా శాఖలో ఇలాంటి పంచనామా ఇస్తే మెమో వచ్చేది.

డైనో వద్దు, పరుగు పందెం చూపిస్తానన్నారు అల్లుడుగారు. డాలస్‌కు దక్షిణాన ఎనిస్ అనే ఊళ్ళో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ అని పెద్ద డ్రాగ్ స్ట్రిప్ ఉంది. పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా. అక్కడ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుని ఒక మంచి సంగతి నేర్చుకున్నాను. పావు మైలుకు పట్టిన సమయం టైర్ల పట్టు మీదా డ్రైవరు కాలు మీదా ఆధారపడుతుంది. చివరి 66 అడుగుల్లో కొలిచే వేగం మాత్రం చాలావరకు బలాన్నే చెబుతుంది. దాన్ని 234తో భాగించి, ఘనం చేసి, బరువుతో గుణిస్తే గుర్రాలు వస్తాయని ఒక వాడుక సూత్రం. పాత చీటీలో 85 మైళ్ళు, కొత్త చీటీలో 86. బరువు 2,600 పౌన్లని వేసి అల్లుడుగారు ఫోనులో లెక్క కట్టారు. 124.6, 129.1. "చూశారా, నాలుగున్నర!" అన్నారు.

"బరువు ఎవరు తూచారండీ?" అన్నాను.

కారు పుస్తకంలో రాసి ఉందట. ఆ పుస్తకం రాసిననాడు ఆ కారులో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, బరువు చక్రాలున్నాయి. ఇప్పుడు అవి గరాజ్‌లో నా పడక కుర్చీ ఉండవలసిన చోట ఉన్నాయి. రెండు పరుగులకూ ఒకే బరువు వేస్తే తీసేసిన సామాను కూడా గుర్రమై కూర్చుంటుంది. వంద పౌన్లు తగ్గించి లెక్క కడితే ఆ 129.1 కాస్తా 124.1 అయింది. బరువు తూచకుండా తూకం చెప్పే ఇంటికి నేను పిల్లనిచ్చాను! ఎదురుగాలి, వెన్నుగాలి సంగతి నేను ఎత్తలేదు. అల్లుడుగారి ముఖం అప్పటికే వాడిపోయింది, మా ఆవిడ నా కాలు తొక్కుతోంది.

ఆఖరికి ఆయన చెప్పిన సాక్ష్యం, "నడుపుతుంటే తెలుస్తుంది మామయ్యగారూ" అని. కూర్చున్న చోటు చెప్పే ఈ కొలతను ఇక్కడి కుర్రాళ్ళు మిగతా అన్నిటికన్నా ఎక్కువ నమ్ముతారు. నడిపి చూశాను. తేడా తెలిసిన మాట నిజం. చెవులకు తెలిసింది. పాత గొట్టంతో ఎంత వేగం పోయినా పక్కింటి ముసలావిడ చెయ్యి ఊపేది, కొత్త గొట్టంతో కిటికీ మూసేస్తోంది. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టే ఉంటుంది.

కాబట్టి నా విన్నపం చిన్నది. తొలగించిన పాత గొట్టాలు గరాజ్‌లో పాత పేపర్లలో చుట్టి నేనే దాచాను. వాటిని మళ్ళీ బిగించాలి. పాత చక్రాలే వెయ్యాలి. ఒకే రోజు, ఒకే డైనో మీద, ఒకే సవరణలో, ఇంజను ఒకే వేడిలో ఉండగా మూడు పరుగులు తీయాలి. తరవాత కొత్తవి బిగించి మూడు. ఆ తరవాత మళ్ళీ పాతవి బిగించి మూడు. పాత అంకె తిరిగి పాత చోటికి వస్తేనే మధ్యలో కనపడిన లాభం లాభం. ఇది విని అల్లుడుగారు, ఈ లోకంలో బిగించినది విప్పి పాతది పెట్టి కొలిచేవాడు ఎవడూ ఉండడన్నారు. నేనూ అదే అంటున్నాను, ఫిర్యాదు దాని గురించే.

మా అమ్మాయి ఇద్దరినీ విని, "నాన్నా, ఆయన టర్బో పెడదామనుకుంటున్నారు, అప్పుడైతే ఏ డైనోలోనైనా కనపడుతుంది" అని చల్లగా చెప్పింది. టర్బో పెట్టె ఇంకా రాలేదు. వస్తే సంతకం పెట్టేది నేనే గనుక, ముందు పరుగు కాగితం, సవరణ పేరు, కారును కాటా మీద పెట్టి తూచిన బరువు చూపిస్తే గానీ పెట్టనని డెలివరీ కుర్రాడితో సహా అందరికీ చెప్పి ఉంచాను. అంతవరకూ ఈ ఇంట్లో అధికారికంగా ఉన్న గుర్రాలు 121. మిగతా నాలుగూ రుజువు కాలేదు. ఐదింటిని కొట్టివేయడమైనది.